పహాణి కెక్కని పెట్టె



భూమి యున్నది. దానిని దున్నుచున్నాము, విత్తుచున్నాము, కోయుచున్నాము. కాని పహాణిలో మన పేరు లేదు. అట్టి రైతు పడు నగచాట్లెట్టివో మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పెద్దలకు నేను విన్నవింప నక్కఱలేదు. 1954-55 నాఁటి కాస్రా పహాణిలో నొక పేరు తప్పుగాఁ బడినందున రెండు మూఁడు తరముల వఱకుఁ గచేరీల చుట్టును దిరిగిన కుటుంబములను మీరును జూచితిరి, నేనును జూచితిని. భూమి నేలపై నుండుట యొకటి. లెక్కలో నుండుట వేఱొకటి. ఈ రెండును గలిసినప్పుడే రైతునకు నిబ్బరము.

నేఁడు నేను జెప్పఁదలఁచినది భూమిని గూర్చి కాదు. మన గ్రామపంచాయతీ కార్యాలయములలో గోడకు బిగించి, యూరికి ఇంటర్నెట్టును గొనివచ్చు చిన్న పెట్టెను గూర్చి. ఆ పెట్టెకును బహాణివంటిది యొకటి గలదు. దూరమున నొక కేంద్రమునఁ గూర్చుండి వేలకొలఁది పెట్టెల యోగక్షేమములను గనిపెట్టుచుండు పర్యవేక్షణ వ్యవస్థయే యా పహాణి. క్రొత్త పెట్టెను గోడకుఁ దగిలించుట సగము పని. దానిని పర్యవేక్షణ వ్యవస్థలో సరిగా నెక్కించుట తక్కిన సగము. ఈ రెండవ సగము తప్పినచో నేమగునో నేను స్వయముగాఁ జూచితిని గనుకనే యీ ప్రసంగమునకుఁ బూనుకొంటిని. లేనిచో, బాలవ్యాకరణమును అమరకోశమును వల్లించి, ముప్పది యైదేండ్లు తెలుఁగు పంతులుగాఁ గాలము గడపిన నాకు యంత్రవిద్యతోఁ బనియేమి?

మా యూరి పంచాయతీ కార్యాలయమున నట్టి పెట్టె నొకదానిని బిగించిరి. దానికి వరుసగా నాలుగు చిన్ని దీపములు. అవి పచ్చగా మినుకుచున్నంతకాలము ఊరిలోని పిల్లలు పరీక్షాఫలితములు చూచుకొనుటకును, దరఖాస్తులు పంపుకొనుటకును బట్టణమునకుఁ బోవలసిన పని లేకుండెను. వర్షాకాలమున నొక రాత్రి యుఱుములు మెఱుపులతోఁ గూడిన వాన కురిసినది. మఱునాఁడు చూడఁగా దీపము లాఱిపోయి యున్నవి. పంచాయతీ కార్యదర్శి సంబంధించినవారికి ఫోను చేసెను. "మీ యూరు మా తెరమీఁదఁ బచ్చగానే యున్నది, మీలోపలి తీఁగ యేదో యూడియుండును, చూచుకొనుఁడు" అని యుత్తరము వచ్చెను. రెండవ దినమునను నదే యుత్తరము, పదవ దినమునను నదే యుత్తరము. కన్నులయెదుట పెట్టె చచ్చి పడియున్నది. తెరమీఁద మాత్రము బ్రతికియున్నది! ఇట్లు పదునెనిమిది దినములు గడచినవి.

ఆ పదునెనిమిది దినములలోనే మా వీథిలోని యొక బాలిక కళాశాల ప్రవేశమునకై తాను గోరు కళాశాలల పేర్లను నింపి పంపవలసిన గడువు వచ్చి పోయినది. నేఁడో ఱేపో పెట్టె బాగుపడునని యామె కొన్నిదినము లెదురుచూచెను. పిదప రెండుమాఱులు బస్సెక్కి పట్టణమునకుఁ బోయెను. మొదటిమాఱు జనసమ్మర్దమువలనఁ బని కాలేదు. రెండవమాఱు చేరునప్పటికి గడువు ముగిసినది. ఆ యేడు ఆమె తాను గోరని చదువులోఁ జేరవలసివచ్చెను. అక్షరాభ్యాసము మొదలు నాయొద్దఁ జదువుకొన్న పిల్ల. ఆమె తండ్రి "పంతులుగారూ, తప్పెవరిది?" అని నన్నడిగెను. నేనేమియుఁ జెప్పలేకపోతిని. చెప్పఁగలుగుటకు నాకుఁ గొంత కాలము పట్టినది. నేను దెలిసికొన్నదానిని మీకు వరుసగా విన్నవించెదను.

మొదట నీ వల యేమిటో చూతము. దేశములోని రమారమి రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను గాజుతీఁగలతోఁ గలుపవలెనని 2011 అక్టోబరులోఁ గేంద్రప్రభుత్వ మొక పథకమును జేపట్టినది. 2015లో దానికి భారత్‌నెట్ అను పేరు వచ్చినది. మన రాష్ట్రమున నీ పనిని టీ-ఫైబర్ అను ప్రభుత్వసంస్థ నిర్వహించుచున్నది. త్రాగునీటికై మిషన్ భగీరథ గొట్టములు పఱచినప్పుడు త్రవ్విన కందకములలోనే యీ తీఁగలకును దారి యేర్పఱచిరి. 2024 డిసెంబరు 8వ తేదీని ప్రయోగాత్మకముగా నింటింటికి ఇంటర్నెట్టు నందించుటకుఁ బూనిన గ్రామములలోఁ బెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూరు ఒకటి. మన యుమ్మడి కరీంనగరు గ్రామమే యది. వెండ్రుకవంటి సన్నని గాజుతీఁగలో వెలుఁగు ప్రవహించును. ఆ వెలుఁగే వార్తలను మోయును. ఊరి చివర నా వెలుఁగును అందుకొని, మనకుఁ బనికివచ్చునట్లు మార్చి యిచ్చునదే పంచాయతీలోని పెట్టె.

ఇఁక పర్యవేక్షణ యనఁగా నేమి? నేనిప్పుడు రేడియోలో మాటలాడుచున్నాను. మీ యింటి రేడియో పలుకుచున్నదో, మూఁగపోయినదో నాకుఁ దెలియునా? తెలియదు. రేడియో ప్రసారము ఒకవైపు ప్రవాహము. కాని యీ గాజుతీఁగల వలలో మాట పోవుటయే కాక, బదులు వచ్చుటకును దారి గలదు. ఆ దారిని బట్టి కేంద్రము పెట్టెను బలుకరింపవచ్చును. పూర్వము చెఱువు క్రింద నీరడి యుండెడివాఁడు. తూము తెఱచి యింట నిద్రించువాఁడు నీరడి కాఁడు. కట్టవెంబడి నడచి, గండి యెక్కడఁ బడనున్నదో, యే మడికి నీరందలేదో చూచి, మాలీ పటేలునకు విన్నవించువాఁడే నీరడి. వేల యూళ్ల పెట్టెల కట్టవెంబడి రేయింబవళ్లు నడచు నీరడియే పర్యవేక్షణ వ్యవస్థ.

ఈ నీరడి చేయు పని రెండు విధములు. మొదటిది కేవలము పిలుచుట. "ఓయీ, ఉన్నావా?" అని యడుగును, పెట్టె "ఉన్నాను" అనును. రాత్రి గస్తీ తిరుగు కావలివాఁడు "పారా హుషార్" అని కేక వేయఁగా నావలి వీథినుండి రెండవవాఁడు బదులు కేక వేయుట వంటిది. దీనిని పింగ్ అందురు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలోఁ బనిచేయు మైక్ మూస్ అను నతఁడు దీనిని వ్రాసెను. సముద్రములో నావలు శబ్దమును బంపి, ప్రతిధ్వనిని బట్టి దేని దూర మెంతో కనుఁగొనును గదా. ఆ ధ్వనిని బట్టియే యా పేరు పెట్టెను.

రెండవది కుశలప్రశ్న. "నీవు మేల్కొని యెంతకాలమైనది? నీ యొడలి వేఁడి యెంత? నీకుఁ జేరు వెలుఁగెంత? నీ గుండఁ బోయిన వార్త లెన్ని?" అని యడుగుట. ఇట్లడుగుటకును, బదులు చెప్పుటకును బ్రపంచమంతటికి నొక్కటియే మర్యాద యుండవలెను గదా. అట్టి మర్యాదను 1988లో నేర్పఱచిరి. దానిని ఎస్.ఎన్.ఎం.పి. యందురు. సామాన్యముగా నైదేసి నిమిషముల కొకసారి యడుగుచుందురు. అనఁగా దినమునకు 288 మాఱులు. కన్నబిడ్డనైనను మన మన్నిమాఱులు పలుకరింపము.

అయినచో, ఇంత మేలుకొన్న నీరడి యుండియు మా యూరి పెట్టె చచ్చిన సంగతి యెట్లు తెలియలేదు? నీరడి కన్నులలో దోషము లేదు; వాని చేతికిచ్చిన జాబితాలో దోషము. కాఁబట్టి క్రొత్తపెట్టెను జాబితాలో నెక్కించు క్రమమును జెప్పెదను.

మొదటిది పేరు. పేరనఁగా నలంకారము కాదు. ఆపదలో మనుష్యుని సరియైన చోటికిఁ బంపు గుఱుతు. ఈ విషయమున మన పూర్వులు మిగులఁ దెలివి గలవారు. శ్రీరాంపూరు లెన్నియో యున్నవి గనుక నొకదానిని అడవి శ్రీరాంపూరనిరి, నొకదానిని కాల్వ శ్రీరాంపూరనిరి. ఈ రెండును బెద్దపల్లి జిల్లాలోనివే. గోదావరి కావల మంచిర్యాల జిల్లాలో బొగ్గుగనుల శ్రీరాంపూరు మఱియొకటి. అట్లే సిర్పూరులు రెండు. కొండలనడుమ జైనూరు, కెరమెరి ప్రక్కనున్నది ఉట్నూరు సిర్పూరు. కాగజ్‌నగరున కావల మహారాష్ట్ర సరిహద్దువైపున్నది టౌను సిర్పూరు. రెండును నేఁడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనే యున్నవి. జాబితాలో "సిర్పూరు" అని మాత్రము వ్రాసిన లేఖకుఁడు, అర్ధరాత్రి మరమ్మతునకు బయలుదేఱు మనుష్యుని కొండయెక్కించి, మఱల దింపి, రెండవ సిర్పూరునకుఁ బంపువాఁడగును. ఉ, ట అను నొక్క యక్షరమునకు నింత విలువ.

పేరుతోఁబాటు చోటు. ఏ గ్రామము, ఏ మండలము, ఏ భవనము, ఏ గది, తాళము ఎవరియొద్ద నుండును అనునవి వ్రాయవలెను. 2016 అక్టోబరు 11వ తేదీని మన జిల్లాలు విభజింపఁబడినవి. ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. ఉమ్మడి కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేఱుపడినవి. కొన్ని మండలములు వేఱు జిల్లాలలోఁ గలిసినవి. ఊళ్లు కదలలేదు, చిరునామాలు కదలినవి. అట్టి మార్పు వచ్చినప్పుడెల్ల జాబితాను దిద్దవలెను. దిద్దని జాబితా చనిపోయిన పట్టాదారు పేరు మోయుచున్న పహాణివంటిదే.

రెండవది సంఖ్యారూపమగు చిరునామా. వలలోఁ బ్రతి పెట్టెకును నొక సంఖ్య యుండును. పేరు మనకొఱకు, సంఖ్య యంత్రముకొఱకు. నీరడి పిలుచునది పేరుపెట్టి కాదు, సంఖ్యపెట్టి. ఇది మీరు మఱవకుఁడు; దీనికి మరల వత్తును. ఈ సంఖ్య స్థిరముగా నుండవలెను. నేఁడొక సంఖ్య, ఱేపొక సంఖ్య యైనచో, సర్వే నంబరు దినదినము మాఱు పొలమువలె నగును.

మూఁడవది రహస్యపదము. దారినపోవు ప్రతివానికిని బెట్టె తన కుశలము చెప్పరాదు. కాఁబట్టి తనకుఁ దెలిసిన మాట చెప్పినవానికే బదులిచ్చునట్లు నియమింతురు. పెట్టె కర్మాగారమునుండి వచ్చునపుడు తఱచుగా "పబ్లిక్" అను మాట దానిలో నుండును. అనఁగా సర్వజనులకును దెలిసినది. దానిని మార్చకుండ విడుచుట, తాళముచెవిని తాళమునందే యుంచి పోవుటతో సమానము. తొలిరోజుల పద్ధతిలో నీ మాట పోస్టుకార్డుమీఁది వ్రాతవలెఁ గనువారికెల్లఁ గనఁబడుచుఁ బోయెడిది. 2002లో సిద్ధమైన మూఁడవ పద్ధతిలో లక్కముద్ర వేసిన కవరువలె మూయఁబడి పోవును. క్రొత్త పెట్టెలకు నీ మూఁడవ పద్ధతియే మేలు.

నాలుగవది దారి. ఈ పెట్టె యే పెట్టె ద్వారమునఁ గేంద్రమును జేరుచున్నదో వ్రాయవలెను. మంథని దారిలో మట్టి త్రవ్వు యంత్ర మొకటి తీఁగను దెంపినదనుకొందము. ఆ తీఁగమీఁద నాధారపడిన నలువది యూళ్లు ఒక్కమాఱే మూఁగవోవును. దారి వ్రాయనిచో నీరడి నలువది కేకలు వేయును. కాపలా యున్నవాఁడు దిక్కుతోఁచక నిలుచును. దారి వ్రాసినచో "ఫలానిచోటఁ దీఁగ తెగినది" అని యొక్క కేకయే వేయును. కాలువ తెగినచోటు చెప్పవలెను గాని, నీరందని మడులన్నింటిని లెక్కపెట్టి చెప్పనేల?

అయిదవది, ఏమేమి యడుగవలెనో నిర్ణయించుట. పెట్టెలో వందలకొలఁది సమాచారము లుండును. ఒక్కొక్కదానికి నొక పద్దుసంఖ్య యుండును. ఆ సంఖ్యలు చెట్టుకొమ్మలవలె శాఖోపశాఖలుగా సాఁగును. మన సర్వే నంబరు బై-నంబరులై, ఆపై అ, ఆ, ఇ లై చీలినట్లే. ఉదాహరణమునకు 1.3.6.1.2.1.1.3 అను పద్దు "నీవు మేల్కొని యెంతకాలమైనది" అను ప్రశ్న. దాని ప్రక్కనున్న 4 సంరక్షకుని పేరు, 5 పెట్టె పేరు, 6 అది యుండు చోటు. ఇందొక చమత్కారము గలదు. మేల్కొన్న కాలమును సెకనులో నూఱవవంతుగా లెక్కించుచు, 497 దినములు నిండఁగానే లెక్కపట్టునట్టి పాత్ర నిండి, మఱల సున్ననుండి మొదలగును. తెలియనివాఁడు పెట్టె యాఱి వెలిఁగినదని భ్రమపడును. అందుచేత నే ప్రశ్నకు బదులు ఎట్లుండునో యెఱిఁగినవాఁడే ప్రశ్న లేర్పఱుపవలెను.

ఆఱవది హద్దు. ఎంతవఱకు క్షేమము, ఎచ్చట జాగ్రత్త, ఎచ్చట నాపద యని ముందుగా వ్రాయవలెను. కడెము ప్రాజెక్టు పూర్తి నీటిమట్టము 700 అడుగులు. నీరు 700 దాఁటిన పిదపఁ గేక వేయుటవలన నేమి ఫలము? దానికి ముందే మెలఁకువ రావలెను. అట్లే, ఊరి పెట్టెను జేరు వెలుఁగునకు సామాన్యముగా మైనస్ 27 డెసిబెల్ మిల్లీవాట్టు అడుగు హద్దు. అనఁగా నొక మిల్లీవాట్టులో 500వ వంతు. అంత సన్నగిల్లువఱకు ఊరకుండక, అది యెప్పుడుండు స్థాయినుండి కొంచెము దిగఁగానే హెచ్చరిక యిచ్చునట్లు చేసినచో, తీఁగ వంగినదో, అతుకు వదలినదో ముందే కనిపెట్టి బాగుచేయవచ్చును. హద్దును మఱీ దగ్గఱగాఁ బెట్టినను బ్రమాదమే. దినమునకుఁ బదిమాఱులు వ్యర్థముగా "నాన్నా పులి" యని యఱచు పిల్లవానిమాట నిజముగాఁ బులి వచ్చిననాఁ డెవఁడు వినును?

ఏడవది, ఎవరికిఁ జెప్పవలెను అనునది. నీరడి చూచెను సరే; చూచి యెవరితోఁ జెప్పును? బదిలీయై పోయిన యుద్యోగి ఫోను సంఖ్య జాబితాలో నిలిచియున్నచో, ఆ కేక పాడుబడిన యింటి తలుపు తట్టుటయే. ఒకఁడు పలుకనిచో రెండవవాఁ డెవఁడో గూడ వ్రాయవలెను.

కొందఱిక్కడ "పెట్టెయే స్వయముగాఁ గేక వేయరాదా?" అని యడుగవచ్చును. వేయును, ఆపద తోఁచినప్పుడు తానే వార్త పంపు నేర్పాటు గలదు. కొన్ని పెట్టెలు విద్యుత్తు పోవుచుండఁగా దుదియూపిరిగా నొకమాట పంపును గూడ. కాని పిడుగుపాటున నొక్కసారి చచ్చినది కేక వేయఁగలదా? అందుచేతనే కేకకై యెదురుచూచుట చాలదు, పిలిచి చూచుటయు నుండవలెను.

ఎనిమిదవది, కడపటిది, అన్నింటికంటె ముఖ్యమైనది, అందఱును విడిచిపెట్టునది — పరీక్ష. ఇదేమో చెప్పుటకు మా యూరి కథను ముగింపవలెను.

పందొమ్మిదవ నాఁడు మరమ్మతునకు వచ్చినవాఁడు నా పూర్వశిష్యుఁడు. పెట్టెకు విద్యుత్తు నందించు చిన్న యుపకరణము మెఱుపు దెబ్బకుఁ గాలిపోయినది. వేఱొకటి తగిలింపఁగానే నాలుగు దీపములును వెలిఁగినవి. పట్టుమని పావుగంట పని. అతఁడు పోఁబోవుచుండఁగా నేను "నాయనా, ఇది చచ్చి పదునెనిమిది దినములు మీకుఁ బచ్చగా నెట్లు కనఁబడినది?" అని యడిగితిని. అతఁడు తన ల్యాప్‌టాపును దెఱచి, మా యూరి పేరు చూపెను. పచ్చగా నున్నది. "ఇప్పుడు నిజముగా బాగున్నది గదా, సార్" అనెను. "అయినచో దీనిని మఱల నార్పి చూడు" అంటిని. శిష్యుఁడు నవ్వి, తీఁగ యూడఁదీసెను. దీపము లాఱినవి. అయిదు నిమిషములు గడచినవి, పది గడచినవి, పావుగంట యైనది. తెరమీఁద మా యూరు పచ్చగానే యున్నది.

అతని ముఖమున నవ్వు మాఱినది. జాబితాలో మా యూరి వరుసను దెఱచి చూచెను. ప్రక్కయూరి వరుసను గూడఁ జూచెను. పేర్లు రెండు, సంఖ్య యొక్కటే. జరిగినది యిది: మా పెట్టెను జాబితాలో నెక్కించిననాఁడు, వ్రాయువాఁడు పని త్వరగాఁ దెమల్చుటకుఁ బ్రక్కయూరి వరుసకు నకలు తీసి, పేరు మాత్రము మార్చి, సంఖ్యను మార్చుట మఱచెను. నాఁటినుండి నీరడి దినమునకు 288 మాఱులు మా యూరి పేరుతోఁ బ్రక్కయూరి పెట్టెను బిలుచుచున్నాఁడు. అది బదులు చెప్పుచున్నది. మా యూరు క్షేమమని వ్రాసికొనుచున్నాఁడు. మా పెట్టెను బిగించిన దినమునుండి యొక్కనాఁడును నెవరును బలుకరింపలేదు. అది గోడమీఁద నున్నది గాని పహాణిలో లేదు. లేకపోవుటకంటెను హీనము, వేఱొకరి పొలమునకు మన పేరు వ్రాసియుండుట వంటిది.

శిష్యుఁడు సంఖ్యను దిద్దెను. అప్పుడు తెరమీఁద మా యూరు ఎఱ్ఱబడినది. నా జీవితమున నెఱ్ఱరంగు చూచి సంతోషించినది ఆ యొక్కసారియే. తీఁగ తగిలింపఁగాఁ గొన్ని నిమిషములకుఁ బచ్చబడినది. నిజమైన పచ్చ. తరువాత నతఁడు జాబితా యంతయు వెదకి, ఒకే సంఖ్య రెండుచోట్ల నున్న వరుసలు మఱి మూఁడు కనుఁగొనెను. అనఁగా మఱి మూఁడు గ్రామములు తమకుఁ దెలియకుండఁగనే మావలె ననాథలుగా నున్నవి. ఆ సాయంకాలమునకే వానిని దిద్దించెను. వాఁడు నాయొద్దఁ జదివినది తెలుఁగే. కాని వ్రాసినదానిని రెండవమాఱు చదువవలెనని నేను జెప్పినమాట వాని కప్పుడు జ్ఞప్తికి వచ్చెనఁట.

కాఁబట్టి ఎనిమిదవ మెట్టు ఇది: క్రొత్తపెట్టెను జాబితాలో నెక్కించినవెంటనే, అందఱ యెదుట దాని నార్పి చూడవలెను. తెరమీఁద నెఱ్ఱబడినదా? చెప్పవలసినవానికి వార్త పోయినదా? వెలిఁగింపఁగా మఱలఁ బచ్చబడినదా? ఈ మూఁడును జరిగిననే యది లెక్క కెక్కినట్లు. పావుగంట పని. ఆ పావుగంట నాఁడు చేసియుండినచో నొక బాలిక కోరిన చదువు కోరినట్లు దొరికెడిది.

ఈ నియమము ఇంటర్నెట్టు పెట్టెకు మాత్రమే కాదు. వాన కొలుచు యంత్రములకును, నీటి గొట్టముల మీటరులకును నిదియే ధర్మము. 2023 జూలై నెలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో నొక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. మన రాష్ట్రమున నంతకుముందెన్నఁడును నంత వాన నమోదు కాలేదు. అచ్చటి స్వయంచాలక యంత్రము లెక్కలో నుండెను గనుక నా వాన లోకమునకుఁ దెలిసినది. యంత్రముండి లెక్కలో లేకున్నచో, అంత వానయుఁ గురియనట్లే చరిత్రలో నుండెడిది.

అయితే పర్యవేక్షణ సర్వరోగనివారిణి యనియు భ్రమపడరాదు. 2022 జూలైలోఁ గడెము ప్రాజెక్టునకు మహాప్రవాహము వచ్చినప్పుడు పదునెనిమిది గేట్లలోఁ బదునేడు లేచినవి, ఒకటి లేవలేదు. నీరెంత వచ్చుచున్నదో తెలిసియే యున్నది. కాని తెలియుట గేటు నెత్తదు. చూచువాఁడు వేఱు, చేయువాఁడు వేఱు. చూచువాఁడు చెప్పును; చేయువాఁడు కదలవలెను. మొదటివాఁడు లేనిచో రెండవవానికి నెచ్చటికిఁ గదలవలెనో తెలియదు.

ఇఁక మనము చేయవలసినదేమి? యంత్రవిద్య మనకు రాకపోవచ్చును. కాని లెక్క యడుగుట మనకు వచ్చును. మీ యూరిలో నే క్రొత్తపెట్టెను బిగించినను, బిగించినవాఁడు సంతకము పెట్టించుకొని పోవుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుఁడు. ఒకటి: జాబితాలో దీని పేరేమి, సంఖ్య యేమి? రెండు: ఆ సంఖ్య మఱి యే యూరికైనను వ్రాసియున్నదా? మూఁడు: ఇది మూఁగవోయినచో వార్త యెవరికిఁ బోవును? నాలుగు: ఇప్పుడు మా యెదుట దీని నార్పి, తెర నెఱ్ఱబఱచి చూపుదువా? ఈ నాలుగింటి యుత్తరములను బంచాయతీ పుస్తకములో వ్రాయించుఁడు. పాత పెట్టెను దీసివేసినప్పుడు దాని పేరును జాబితానుండి తీసివేయించుఁడు. రహస్యపదమును మాత్రము గోడమీఁద వ్రాయింపకుఁడు.

మా యూరి బాలిక మఱుసటి యేఁట మఱల దరఖాస్తు పెట్టి, తాను గోరిన కళాశాలలోఁ జేరినది. ఒక సంవత్సరము పోయినది. ఆమె తండ్రికి నిప్పుడు నేను బదులు చెప్పఁగలను: తప్పు మెఱుపుది కాదు, పెట్టెది కాదు, వ్రాసిన వరుసను రెండవమాఱు చదువకపోయిన చేతిది, చదివించుకొనక సంతకము పెట్టిన మన చేతులది. నాఁడు పెట్టె బిగించినప్పుడు సాక్షిగా సంతకము చేసినవారిలో నేను నొకఁడను.